ఏటి రాయి

గత నెల, ఈ ఉక్కు కార్ఖానా ఊళ్లో, భాలుబాసా పేటలో మా ఇంటి వెనక సందులోకి బోరు లారీ వచ్చింది. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి, భోజనాల వేళకు సందు పొడవునా బూడిదరంగు పిండి పరిచింది. నేను గడప దిగి చిటికెడు పిండి తీసుకుని వేళ్ల మధ్య రాశాను. అభ్రకపు పలుకులు మెరిశాయి. ముందుపళ్ల మధ్య పెట్టుకుంటే కరకరమంది. ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయినా, రాయిని నోట్లో పెట్టి చూసే అలవాటు నన్ను వదలలేదు.

అప్పుడు పైపులోంచి నీళ్లు చిమ్మాయి. వేడెక్కిన రాతిపొడి మీద నీళ్లు పడినప్పుడు ఒక వాసన వస్తుంది. కొత్తకుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పటి వాసనకు అది దగ్గరే కాని, ఇందులో మట్టి తీపి ఉండదు. ఈ సందులోని రాయి వేరు, నేను చెప్పబోయే రాయి వేరు. రెండింటి మధ్య సువర్ణరేఖ నది ఉంది. వాసన మాత్రం ఒకటే. అది నన్ను పదేళ్ల పిల్లను చేసి, నది అవతల దల్మా కొండ పాదం దగ్గర, ఒక నూతి అంచున బోర్లా పడుకోబెట్టింది.

మా తాత రైల్వేలో ట్రాక్ గ్యాంగుకు మేటు, అంటే మేస్త్రీ. మేం బాగ్‌బేరాలో రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్లం. గోడ అవతలే యార్డు. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటే మా అలమరలో గ్లాసులు మాట్లాడుకునేవి. ఆ ఏడు వానాకాలం చివర తాత రిటైరవుతాడు, క్వార్టరు అప్పగించాలి. మా నాన్న నౌకరీ వేరే ఊళ్లో, అదీ ఇంకా పక్కా కాలేదు. తాత ముందుచూపుతో నది అవతలి మాంగో పేట దాటి, దల్మా వాలు మొదలయ్యే చోట చిన్న జాగా కొని ఉంచాడు. ఇల్లు కట్టాలంటే ముందు నీళ్లు ఉండాలి. మా జాగాకు అటూ ఇటూ ఇద్దరు నూతులు మొదలుపెట్టి, నల్లరాయి తగలగానే వదిలేశారు. ఒకదాంట్లో గడ్డి మొలిచింది. రెండోదాంట్లో ఎవరిదో మేక పడింది.

నానమ్మ తన షరతు ముందే చెప్పేసింది.

"నీళ్లు నేని చోట నాను కాపరం సెయ్యను. ఇంకొకలి గుమ్మంలో బిందె పట్టుకుని నిలబడ్డానికి ఈ వయసులో నావల్ల కాదు. రాయి తగిల్తే అక్కడితో ఒగ్గీయ్. మందుగుండ్లెట్టి పేల్చడాలూ అయ్యీ వద్దు. ఊరెల్లిపోదాం."

ఊళ్లో మాకు ఏమీ మిగల్లేదని ఆమెకూ తెలుసు. అందుకే ఆ మాట అన్నప్పుడల్లా ఆమె గొంతు కొంచెం పెద్దదయ్యేది.

నూతి తవ్వకానికి బర్మామైన్స్ పేట నుంచి ఒకాయన వచ్చాడు. మాలాగే తెలుగునేల ఉత్తర కొసన సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి వలస వచ్చినవాడు. కార్ఖానాలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పని దొరికినప్పుడు ఆ పని, దొరకనప్పుడు నూతుల పని. పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు, చిన్నా పెద్దా అందరికీ ఆయన నూతి మావే. ఆయన దిగి తవ్వేవాడు. ఆయన భార్య, అంటే అత్త, ఇంకొకామెతో కలిసి గిలక మీద తాడు లాగి తట్టలు పైకి తెచ్చేది.

వేసవి సెలవులు. నన్ను కూడా తీసుకుపొమ్మని ఏడ్చి సాధించుకున్నాను. తాత నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తెల్లవారగానే బయల్దేరేవాడు. మాంగో వంతెన మీద గాలి చల్లగా ఉండేది. వంతెన దిగాక ఇప్ప పళ్లు మగ్గిన వాసన, తర్వాత సాల చెట్ల ఎండుటాకుల చప్పుడు. ఎదురుగా దల్మా ఎప్పుడూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపించేది. సాయంత్రాలు తిరిగొచ్చేటప్పుడు మాత్రం చూపు దక్షిణానికే పోయేది. నది అవతల కార్ఖానాలో కరిగిన స్లాగ్, అంటే ఇనుము తీయగా మిగిలిన మడ్డి, ఒంపినప్పుడు ఆకాశం అడుగు భాగం ఎర్రబడి, మెల్లగా చల్లారేది.

రెండో రోజుకే నాకు ఒక ఉద్యోగం దొరికింది. పట్టాల కీలు సుత్తితో కొట్టీ కొట్టీ తాత చెవులు సగం పోయాయి. నూతిలోంచి వచ్చే మాట ఆయనకు ఉత్త హోరులా వినిపించేది. కనుక అంచున పరిచిన బల్ల మీద బోర్లా పడుకుని, కింది మాట పైకీ పై మాట కిందికీ మోయడం నా పని. ఆ పని మధ్యలో ఒకసారి, లోతు తెలుసుకుందామని చిన్న గులకరాయి జారవిడిచాను.

"ఎవలే అది!" అని కింద నుంచి కేక. "నా బుర్ర డొల్లో కాదో సూత్తన్నావేటే?"

"లోతు చూస్తున్నా మావా!"

"నాను పైకొచ్చి నీ వీపు మీద సూపిత్తాను లోతు!"

అత్త తాడు పట్టుకునే నవ్వింది. మధ్యాహ్నం ఆయన పైకి వచ్చి, నా వీపు సంగతి మరచిపోయి, చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటూ, వేయించిన ఎండు నెత్తళ్లలో నా వాటా నాకు లెక్క తప్పకుండా పెట్టాడు.

నూతి గోడను ఇప్పటికీ పైనుంచి కిందికి చదవగలను. మోకాలి లోతు ఎర్రమన్ను. దాని కింద నిలువున్నర మొరం, అంటే గునపానికి గలగలమని రాలే ఎర్రటి గరుకు రాళ్లు. ఆ కింద ఆకుపచ్చ ఛాయ ఉన్న మెత్తని రాయి. అది సబ్బులా తెగేది, తడి చేత్తో ముట్టుకుంటే జారేది. ఆరో రోజు మధ్యాహ్నం గునపం చప్పుడు మారింది. టంగుమంది.

కాసేపటికి నూతి మావ గొంతు, ఎప్పుడూ లేని హుషారుతో:

"ఏటి రాయి! పిల్లా, ఏటి రాయి!"

తట్ట పైకొచ్చింది. అందులో చిన్న గుమ్మడికాయంత నల్లని గుండ్రాయి, దాని పక్కన అలాంటివే చిన్నవి రెండు. నేను బాగా చూసి జవాబు చెప్పాను.

"నల్ల రాయి, మావా!"

"ఏటి రాయే!" అని మళ్లీ కేక.

మా వాళ్ల మాటలో ఏటి అంటే 'ఏమిటి'. ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వినేది అదే: ఇదేటి, అదేటి, నీకేటి. చివర్న ఆ 'ఏ' దీర్ఘం ఆడపిల్లను పిలిచే పిలుపు. కనుక నాకు అర్థమైంది ఇది: "ఏం రాయే, పిల్లా?" పెద్దవాడు, నూతి అడుగున నిలబడి, ఏం రాయో నన్నడుగుతున్నాడు. ఆయనకే తెలియని రాయి.

తాత లేచి వచ్చాడు. "ఏటంతన్నాడే?"

"పత్థర్ తగిలిందంట తాతా. ఏటి రాయని నన్నే అడుగుతున్నాడు."

ఆయన తట్టలోని రాయిని చూశాడు, ముట్టుకోలేదు. అటూ ఇటూ ఉన్న రెండు పాడు నూతుల వైపు చూశాడు. కండువా తీసి దులిపాడు.

"సాలని సెప్పు. పైకి రమ్మను," అని, రోడ్డు మీది వేపచెట్టు దాకా వెనక్కి తిరగకుండా నడిచివెళ్లాడు.

నేను మాట మోశాను. నూతి మావ నవ్వుతూ పైకి వచ్చాడు. నీటి జాడ కనిపించిన రోజున నూతి యజమాని తవ్వేవాడి నోట్లో బెల్లం ముక్క పెడతాడు, అది మా వాళ్ల ఆనవాయితీ. ఆయన చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. తాత లేడు.

"మేటుబాబేడే?"

"చాలన్నాడు మావా. ఇంక తవ్వొద్దంట."

ఆయన ముఖం మీద చెమటకు అంటిన ఆకుపచ్చ పొడి అలాగే ఉంది, నవ్వు మాత్రం పోయింది. గునపం భుజాన వేసుకున్నాడు. అత్త తాడు చుట్టింది. పోతూ పోతూ ఆమెతో, "నా మాట మీద నమ్మకం నేదు కావాల," అన్నాడు. ఆ మాట విన్నాను. నమ్మకానికీ రాయికీ సంబంధమేమిటో నాకు తెలియలేదు. చిన్న గుండ్రాయిని గౌను జేబులో వేసుకుని తాత దగ్గరికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం నానమ్మ ట్రంకు పెట్టెలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకుంది. తర్వాత ఉతకడానికి నా గౌను తీసి, జేబులో రాయి బయటికి లాగింది. బొటనవేలితో నిమిరింది.

"ఏటి రాయి," అంది. "ఎక్కడ్దే?"

"నల్ల రాయి నానమ్మా."

"అదేలే, ఏటి రాయే."

"చెప్పాను కదా, నల్ల..."

నానమ్మ నన్ను వింతగా చూసింది. "ఓలమ్మ! ఏరు తెల్దేటే నీకు? ఏట్లో రాయి ఏటి రాయి. నీల్లలో దొర్లీ దొర్లీ ఇలా నున్నగవుద్ది."

తెలియదు. హిందీ బడిలో చదివే పిల్లకు సువర్ణరేఖ 'నదీ'. ఇంట్లో అయితే 'నది'. ఏరు అనే మాట నేను ఎప్పుడైనా విన్నా, అది విభక్తి ముందు 'ఏటి'గా మారుతుందని ఎవరూ చెప్పలేదు. నూతి మావ నన్ను ఏమీ అడగలేదు. నాకు చెప్పాడు. కింద పాత ఏరు పారిన జాడ ఉంది, నీళ్లు దగ్గర పడ్డాయి అని. నేను ఆ మాటను నడినూతిలో తిరగేసి పైకి తెచ్చాను.

ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున తాత సైకిలు బయటికి తీస్తూ, గొయ్యి పూడ్పించడానికి మనుషుల్ని మాట్లాడొస్తానని నానమ్మతో అంటూంటే, ముందు చక్రానికి అడ్డంగా నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయనకు సగమే వినపడిందేమోనని రెండోసారి అరిచి చెప్పాను. యార్డు వైపు గోడ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు కూడా విన్నారు.

తాత నన్ను కొడతాడనుకున్నాను. ఆయన కడ్డీ తుడిచి, "ఎక్కు," అన్నాడు.

బర్మామైన్స్‌లో ఇరుకు సందు. నూతి మావ గుమ్మంలో నులకమంచం మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"అల్లుడూ, తప్పైపోనాది," అన్నాడు తాత నిలబడే. "పిల్లకి మాట తెల్లేదు. నాకు సెవి నేదు."

సంగతంతా విన్నాక ముందు నవ్వింది అత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనింది.

"ఇంగ్లీసు కూడా సదువుతాదంట ఈ గుంట! ఏటంటే ఏటని తెల్సు గానీ, ఏటంటే ఏరని తెల్దు!"

నూతి మావ మాత్రం నవ్వలేదు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నాను ఏటంటే అదే సెప్పాల. నీకు తోసింది కాదు. 'నీ'కి 'నీ', 'నా'కి 'నా'. అర్థం నాకొగ్గీయ్. సరేనా?"

"సరే మావా."

"మరి మేటుబాబూ, బెల్లం?"

తాత జేబులోంచి పొట్లం తీశాడు. ఎప్పుడు కొన్నాడో నేను చూడనే లేదు.

తర్వాత మూడు రోజులు నేను కార్బన్ కాగితం లాంటి పిల్లను. కింద దగ్గితే పైన దగ్గాను. ఆ గుండ్రాళ్లు ఒకదానిమీద ఒకటి, గోనెబస్తాలు పేర్చినట్టు ఉండేవి. గునపం మధ్యలో దూర్చి ఒక్కొక్కటీ ఊడదీయాల్సి వచ్చేది. ప్రతిదానికీ చుట్టూ గాజులా విరిగే సన్నని నల్లటి తొక్క. మూడో రోజు ఎండ నడినెత్తి మీద ఉండగా, ఆ రాళ్ల సందుల్లోంచి చెమట పట్టినట్టు తడి, తర్వాత దారం లాంటి ధార.

"నీల్లు!" అన్నాడు నూతి మావ.

"నీల్లు!" అని అరిచాను, ఆయన పలికినట్టే.

ఈసారి తాతకు నా మొదటి కేకకే వినపడింది.

నానమ్మ మర్నాడు వచ్చింది. అందరూ ఆమె ముఖం చూస్తున్నారు. ఆమె నూతిలోకి చూడనైనా చూడలేదు. వెంట తెచ్చిన మూటలోంచి కందిపప్పు తీసింది.

"నీల్లు పడ్డం కాదు. పప్పుడకాల. ఉడకని నీల్లయితే బట్టలుతుక్కోడానికే."

మూడు రాళ్ల పొయ్యి పెట్టి, సాల పుల్లలు రాజేసి, మొదటి చేద నీళ్లతో పప్పు ఎక్కించింది. మేమంతా పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చున్నాం. నూతి మావ కూడా. ఆ రోజు నేను చూసినంత భయం ఆయన ముఖంలో నూతి అడుగున కూడా చూడలేదు. అరగంట దాటింది. నానమ్మ గరిటెతో నాలుగు పలుకులు తీసి, అరచేతిలో వేసుకుని, బొటనవేలితో నొక్కింది. మెదిగిపోయింది. ఆమె పొయ్యిలో పుల్ల వెనక్కి లాగి, తాతను చూసి, "గుమ్మం తూర్పుకెట్టించు," అంది.

వానలు వెళ్లేసరికి ఒక గది లేచింది. మిగతాది తర్వాత నెమ్మదిగా కట్టుకున్నాం.

కాలేజీలో నేను భూగర్భశాస్త్రం తీసుకోవడానికి ఆ నుయ్యి కారణమని చెప్పుకుంటే కథ అందంగా ఉంటుంది. నిజానికి ఆ కోర్సులోనే సీటు దొరికింది. రెండో సంవత్సరంలో మా ఆచార్యుడు మమ్మల్ని క్షేత్రపర్యటనకు దల్మా వాలుకే తీసుకెళ్లాడు. రోడ్డు కోసం కొండను కోసిన ఒకచోట నల్లని గుండ్రాళ్లు, ఒకదానిమీద ఒకటి. వీటిని తలగడ శిలలంటారని చెప్పాడు. ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది. దాని అడుగున నేల పగిలి కరిగిన రాయి నీళ్లలోకి వచ్చింది. నీళ్లు తగిలిన తక్షణం పైపొర గాజులా గడ్డకడుతుంది. లోపల ఇంకా మండుతున్న ద్రవం ఆ పొరను చీల్చుకుని మరో తలగడగా ఉబుకుతుంది. కిందివాటి మధ్య సందుల్లోకి పైవాటి అడుగు తోకలా దిగుతుంది. తర్వాత నేల ముడుచుకుని ఈ కొండలు లేచాయి. వంద కోట్ల ఏళ్లకు మించిన మాట.

నేను నోటు పుస్తకం మూసేశాను. ఏటి రాళ్లయితే నాలుగు జాతుల రాళ్లు కలిసి ఉండాలి, మధ్యలో ఇసక ఉండాలి. మా నూతిలోంచి తట్టెడు ఇసక కూడా రాలేదు. అన్నీ ఒకే రాయి, ప్రతిదానికీ గాజు తొక్క. పదేళ్ల వయసులో నేనవన్నీ చూశాను. చూశానని తెలియలేదు, అంతే. అక్కడ ఏ ఏరూ పారలేదు. నేను చెడగొట్టి చేరవేసిన మాటే శాస్త్రప్రకారం సరైనది: రాయి తగిలింది. నూతి మావ చెప్పింది తప్పు. ఆ తప్పును నమ్మి తవ్వడం వల్ల మాకు ఇల్లు వచ్చింది, ఎందుకంటే తలగడల మధ్య సందుల్లో నీళ్లు నిలుస్తాయి. నా వృత్తిలో నేను ఎన్నో నివేదికలు రాశాను. వాటిలో కారణం సరై ఫలితం తప్పినవి ఉన్నాయి. ఈ నుయ్యి వాటికి తిరగేసిన కేసు.

ఇప్పుడా వాలు మీద మూడంతస్తుల ఇళ్లు. మా నూతికి ఇనప జాలీ వేశారు. తాత, నానమ్మ, అత్త, మావ ఎవరూ లేరు. ఆ రోజుల్లో నాతో మాట్లాడిన భాష కూడా ఇప్పుడు నా చుట్టూ తక్కువే. నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం, ఆ క్షేత్రపర్యటన తర్వాతి వేసవిలో నేను చేసిన ఒక పని.

నూతి మావ ఏటా పూడిక తీయడానికి వచ్చేవాడు. ఆ ఏడు దిగే ఓపిక లేక మేనల్లుణ్ని దింపి, తాను చప్టా మీద కూర్చున్నాడు. ఆ కొండపాదం పొడవునా ఆయనకు పేరుండేది, ఏటి రాయి చూసి నీళ్లు చెప్పే మనిషని. చెప్పినచోటల్లా పడ్డాయని కాదు, చాలాచోట్ల పడ్డాయి. ఇదంతా తెలిసీ, ఇరవై ఏళ్ల వయసుకుండే నిజాయితీతో, నేను అనేశాను.

"మావా, అది ఏటి రాయి కాదు."

"మరేటి రాయి?"

చెప్పాను. ఆయనకు తెలిసినదాంతోనే చెప్పాలని, కార్ఖానాలో స్లాగ్ ఒంపినట్టే సముద్రంలోకి రాయి ఒలికిందని చెప్పాను.

"స్లాగ్‌కి సుక్క నీరు తగిల్తే ఏటవుద్దో తెల్సేటే? పేల్తాది. మడిసి మిగల్డు. నాను సూసినాను."

"పైన సముద్రం బరువుంటే పేలదు మావా. అంత లోతులో."

నమ్మలేదనుకున్నాను. నమ్మాడని, తర్వాతి మాటతో తెలిసింది.

"మా అయ్యా, మా అన్నా ఒకే తెప్ప మీద ఎల్లినారు. తెప్ప వచ్చింది, ఆల్లు రానేదు. మరి సంద్రం మొకం సూడనని రైలెక్కినాను, నీ కన్నా సిన్నోన్ని. దూరం ఎల్లిపోదామని ఇక్కడి దాకా వచ్చినాను." ఆయన నూతిలోకి చూశాడు. "ఇన్నేల్లూ దాంట్లోకే దిగుతన్నానంటావేటి?"

ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదనుకుంటాను, అత్తకు తప్ప. రాయి నా వైపున ఉంది, నేను అనవలసిన మాట మాత్రం నా దగ్గర లేదు.

"సంద్రమైతే ఉప్పుండాల," అన్నాడు ఆయన, నాతో కాదు. పూడిక కదపకముందు తోడి ఉంచిన చేద నీళ్లు దగ్గరికి లాక్కున్నాడు. దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, మింగకుండా చాలాసేపు నాలుక మీద నిలుపుకున్నాడు. తర్వాత మింగాడు.

"ఉప్పు నేదు."

"లేదు మావా."

"ఎన్నాల్లయిందన్నావు?"

"వంద కోట్ల ఏళ్లు దాటి."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"అయితే తీపెక్కిపోనాది కావాల," అని, ఇంకో దోసిలి పట్టాడు.